‘వైడెన్’ ఎక్కడ, ‘బ్రాడెన్’ ఎక్కడ? అన్నిటికీ ‘విస్తరించు’ అంటే ఎందుకు కుదరట్లేదు?

కొత్తకలం
అనువాదం నేర్చుకుంటున్నాను, ఇంకా ఆర్నెల్లు కూడా కాలేదు. నిన్న దిద్ది తిరిగిచ్చిన నా కాగితాల్లో ఒకే మాట దగ్గర ఆరు చోట్ల ఎర్రగీతలు పడ్డాయి. ఆ మాట ‘వైడెన్’. నిఘంటువులో మొదటి అర్థం ‘విస్తరించు’ అని ఉంది కాబట్టి అన్నిచోట్లా అదే రాశాను. రోడ్డు విస్తరించారు అన్నది ఒక్కటే నిలబడింది. ‘అన్నదమ్ముల మధ్య అంతరం విస్తరించింది’ కొట్టేశారు. ‘ఆ మాట వినగానే ఆమె కళ్ళు విస్తరించాయి’ అన్నదాన్ని కొట్టేసి పక్కన ‘కంటికి ఏమైంది?’ అని రాశారు.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చేసినవాటి సంగతీ అంతే. రోడ్డుకి ‘బ్రాడెన్’ వాడితే ‘వైడెన్’ చేశారు. ప్రయాణాలు మనసుని ‘వైడెన్’ చేస్తాయని రాస్తే ‘బ్రాడెన్’ చేశారు. రెండింటికీ అర్థం ‘వెడల్పు చేయు’ అనే ఉంది కదా! ఏది ఎక్కడ వాడాలో చెప్పే సూత్రం ఏమైనా ఉందా? వచ్చే వారం పరీక్ష, చాలా టెన్షన్‌గా ఉంది.

గుండుసూది
‘కళ్ళు విస్తరించాయి’ అని చదవగానే నాకు కళ్ళు చెవుల దాకా పాకినట్టు కనిపించింది. ‘కళ్ళు విప్పారాయి’ అనండి, చాలు.

రాత్రిచదువు
సూత్రం తేలికే. చేత్తో కొలవగలిగేదానికి వైడెన్, మనసుకి సంబంధించినదానికి బ్రాడెన్. మా కోచింగ్‌లో ఇదే చెప్పారు. రోడ్డు, తలుపు, గుంత అయితే వైడెన్. ఆలోచన, అనుభవం, జ్ఞానం అయితే బ్రాడెన్.

రెండోకాపీ
రాత్రిచదువు గారూ, ఆ సూత్రం సగం దూరమే తీసుకెళ్తుంది. నేను పత్రికలో వాణిజ్య వార్తలు దిద్దుతాను. నా చేతికొచ్చే ఇంగ్లీషు కాపీల్లో వైడెన్ రోజుకి పదిసార్లయినా కనిపిస్తుంది, అందులో ఒక్కటీ చేత్తో కొలిచేది కాదు. లోటు వైడెన్ అవుతుంది, నష్టం వైడెన్ అవుతుంది, మార్జిన్ వైడెన్ అవుతుంది, దర్యాప్తు పరిధిని వైడెన్ చేస్తారు. ఇటు చూస్తే, ఎక్సర్‌సైజు చేసే కుర్రాడి భుజాలు బ్రాడెన్ అవుతాయి, నది కింది దిక్కుకి పోయేకొద్దీ బ్రాడెన్ అవుతుంది. భుజాలకీ నదికీ మనసుతో పనేముంది?

కొత్తకలం గారూ, ఇంకో సంగతి గమనించండి. ‘లాసెస్ వైడెన్డ్’ అన్నది వాణిజ్య వార్తల్లో మామూలు మాట. ‘ప్రాఫిట్స్ వైడెన్డ్’ అంటే మాత్రం ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కారణం ఏమిటా అని నేను చాలాకాలం ఆలోచించాను. లోటు అంటే వచ్చినదానికీ పోయినదానికీ మధ్య ఉన్న ఎడం. నష్టం కూడా అంతే, ఉండాల్సిన గీతకీ దాని కింద మనం నిలబడ్డ చోటుకీ మధ్య ఎడం. మార్జిన్ అంటే కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య ఎడం. ఇంగ్లీషువాళ్ళకి ఇవన్నీ రెండు గట్ల మధ్య ఖాళీలాగా కనిపిస్తాయి. ఖాళీ కాబట్టి వైడెన్ అవుతుంది, న్యారో అవుతుంది. లాభాన్ని ఒక కుప్పలాగా చూస్తారు, కుప్ప పెరుగుతుందే తప్ప వెడల్పవదు.

మనం మాత్రం లోటుని కూడా కుప్పలాగే చూస్తాం. అందుకే ‘వాణిజ్య లోటు పెరిగింది’ అని రాస్తే అందరికీ అర్థమవుతుంది. ‘లోటు విస్తరించింది’ అని రాస్తే రాత్రి షిఫ్టులో ఉన్న నేను లేచి వచ్చి మరీ కొట్టేస్తాను.

కొత్తకలం
ఖాళీ, కుప్ప! ఇలా నాకెవరూ చెప్పలేదు. అయితే అన్నదమ్ముల వాక్యం ‘అంతరం పెరిగింది’ అంటే సరిపోతుందా?

గుండుసూది
అన్నదమ్ములైతే ‘దూరం పెరిగింది’. అంతరం అంకెలకి వాడుకోండి.

వ్యాకరణపురుగు
గుండుసూది చెప్పింది నిజం. రెండోకాపీ గారు చెప్పినదానికి వెనకాల ఉన్న మూలం ఇది: ‘వైడ్’ అనగానే రెండు అంచులూ, వాటి మధ్య దూరమూ గుర్తొస్తాయి. ‘బ్రాడ్’ అనగానే పరుచుకున్న మేర గుర్తొస్తుంది. బ్రాడ్ షోల్డర్స్, బ్రాడ్ ఫోర్‌హెడ్, బ్రాడ్ బ్యాక్ అంటారు. తలుపు దగ్గర, నోటి దగ్గర, ఎడం దగ్గర వైడ్ అంటారు. పళ్ళ డాక్టరు ‘ఓపెన్ వైడ్’ అంటాడు, ‘ఓపెన్ బ్రాడ్’ అనడు. ఆయనకి కావలసింది పై పన్నుకీ కింది పన్నుకీ మధ్య చోటు కదా!

కాబట్టి వాక్యం రాసేముందు ఒక్క క్షణం ఆగి, మీరు చెప్పే వస్తువుకి రెండు అంచులు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపిస్తే వైడెన్. అంచుల మీద మనసు పోకుండా మొత్తం మేర కనిపిస్తే బ్రాడెన్. నదిని రెండు రకాలుగానూ చూడొచ్చు కాబట్టి రెండూ ఒప్పే. పరిధి, చర్చ, అవకాశం లాంటి మాటలతో కూడా రెండూ నడుస్తాయి, పంతం పట్టక్కర్లేదు. మైండ్, హొరైజన్స్ పక్కన మాత్రం బ్రాడెనే స్థిరపడిపోయింది. అది జత కట్టిన మాట, దాన్ని అలాగే నేర్చుకోవాలి.

రాత్రిచదువు
సరే, నా సూత్రం వదిలేస్తున్నా. కానీ ఇంకో అనుమానం ఉంది. లెంగ్త్ నుంచి లెంగ్తెన్, స్ట్రెంగ్త్ నుంచి స్ట్రెంగ్తెన్ వచ్చాయి కదా, మరి విడ్త్ నుంచి ‘విడ్తెన్’ ఎందుకు రాలేదు? పోయినసారి వ్యాసంలో నేను అదే రాశాను, మార్కు పోయింది.

వ్యాకరణపురుగు
ఇది మంచి ప్రశ్న, కాస్త వివరంగా చెప్తాను.

ఆ ‘ఎన్’ ప్రత్యయం గుణాన్ని చెప్పే మాటకి చేరి క్రియని తయారుచేస్తుంది. డార్క్ డార్కెన్ అయింది, షార్ట్ షార్టెన్, డీప్ డీపెన్, హార్డ్ హార్డెన్, టఫ్ టఫెన్. వీటి చివరి చప్పుళ్ళు చూడండి: క, ట, ప, డ, ఫ. గాలిని ఆపే చప్పుళ్ళో, గట్టిగా ఒరుసుకుంటూ పోనిచ్చే చప్పుళ్ళో. ‘ఎన్’ ఇలాంటివాటికే అతుక్కుంటుంది. చివర న, మ, ల ఉన్నా, అచ్చు ఉన్నా దగ్గరికి రానివ్వదు. అందుకే గ్రీనెన్ లేదు, థిన్నెన్ లేదు, స్లోయెన్ లేదు, డ్రైయెన్ లేదు. క్లీన్, థిన్, స్లో, డ్రై, న్యారో ఏ ముక్కా తగిలించుకోకుండా ఉన్నవి ఉన్నట్టుగానే క్రియలుగా పనిచేస్తాయి.

ఇప్పుడు మీ మాటలు. లాంగ్, స్ట్రాంగ్ చివర ముక్కుతో పలికే చప్పుడుంది, ‘ఎన్’ నేరుగా అతకదు. అందుకని నామవాచకం దారి పట్టాయి: లెంగ్త్, స్ట్రెంగ్త్. ‘హై’ చివర అచ్చు ఉంది, అది హైట్ మీదుగా హైటెన్ అయింది. ‘వైడ్’ చివర డ ఉంది, దానికి చుట్టుదారి అవసరమే రాలేదు. వైడెన్. బ్రాడెన్ సంగతీ అదే.

గుండుసూది
మరి ‘బిగ్’ చివర గ ఉందిగా? బిగ్గెన్ ఏదీ?

వ్యాకరణపురుగు
చప్పుడు కుదిరిన ప్రతి మాటకీ ‘ఎన్’ దక్కలేదు. కోల్డ్ చివర డ ఉన్నా నేటి ఇంగ్లీషులో కోల్డెన్ లేదు. బిగ్ పనిని ఎన్‌లార్జ్ చేస్తోంది. అందులో ముక్క మాటకి ముందు చేరింది. ఎన్‌రిచ్ కూడా ఆ వరసే.

పాతనిఘంటువు
బ్రాడెన్ గురించి ఒక ముచ్చట చెప్పనివ్వండి. ఈ మాట మనం అనుకున్నంత పాతది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు అచ్చువేసినప్పుడు, బ్రాడెన్ అన్న మాట కింద, నేనిచ్చిన ఈ ఒక్క ఉదాహరణలో తప్ప ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు అన్న అర్థంలో రాసుకున్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ జేమ్స్ థామ్సన్ పద్యంలోది, అస్తమించే సూర్యుడు దిగంతం దగ్గర పెద్దదవుతూ కనిపించడం గురించి. అక్కడ గమనించండి, సూర్యుడి రెండు అంచుల మధ్య దూరం కాదు కవి చెప్తున్నది. ఆ ఎర్రటి బింబం మొత్తంగా పరుచుకోవడం. వ్యాకరణపురుగు గారు చెప్పిన ‘మేర’ అదే.

అంత పెద్ద పండితుడు అనుమానపడ్డ మాట ఇవాళ బడిపిల్లల పుస్తకాల్లో ఉంది. అందుకే మాటల విషయంలో ‘ఇది లేదు, రాదు’ అని తీర్పు చెప్పేముందు నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

కొత్తకలం
చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. నోట్సులో రాసుకున్నాను. అయితే మరి ‘డైలేట్’ ఎక్కడ వాడాలి? పోయిన నెల కళ్ళు చూపించుకోవడానికి వెళ్తే చుక్కలు వేసి ‘డైలేట్ అవ్వాలి, అరగంట కూర్చోండి’ అన్నారు. ఆ తర్వాత నాలుగైదు గంటలు ఫోన్‌లో అక్షరం కనిపించలేదు. ఎండలోకి వస్తే కళ్ళు మూసుకుని నడవాల్సి వచ్చింది. అక్కడ వైడెన్ అనొచ్చుగా, డైలేట్ ఎందుకన్నారు?

డ్యూటీనర్సు
ఇది నాకు బాగా తెలిసిన మాట తమ్ముడూ. ఒంట్లో గుండ్రంగా ఉన్న రంధ్రమో గొట్టమో వెడల్పయితే డైలేట్ అంటాం. కంటిపాప, రక్తనాళం, కాన్పు సమయంలో గర్భాశయ ముఖద్వారం. వెలుతురులో కంటిపాప 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది, చీకట్లో 8 దాకా పోతుంది. చుక్కలు వేసేది వెలుతురులో కూడా అది ముడుచుకోకుండా ఉంచడానికే. అప్పుడే డాక్టరు లోపలి పొర చూడగలరు. నీకు ఎండ పడనిది అందుకే.

ఇంకో తేడా చెప్తాను. ‘ఐస్ వైడెన్డ్’ అంటే రెప్పలు పైకి లేచాయి, ఆశ్చర్యంతోనో భయంతోనో. ‘ప్యూపిల్స్ డైలేటెడ్’ అంటే లోపలి నల్లగుడ్డు మధ్య రంధ్రం పెద్దదైంది. మొదటిది మనిషి కావాలని కూడా చేయగలడు, రెండోది చేయలేడు. కథలు అనువదించేటప్పుడు ఈ రెండూ కలిపేస్తే వైద్యం తెలిసినవాళ్ళకి పంటికింద రాయిలా తగులుతుంది.

కోడుగూడు
డ్యూటీనర్సు గారూ, ఒక అనువాద యంత్రానికి ‘ద ప్యూపిల్ డైలేటెడ్’ ఇస్తే నాకు ‘విద్యార్థి విస్తరించాడు’ అని వచ్చింది. స్క్రీన్‌షాట్ దాచుకున్నాను.

గుండుసూది
హాస్టల్లో చేరిన మొదటి ఏడు మా తమ్ముడికి జరిగింది అదే.

డ్యూటీనర్సు
😄 ఇంకా ఒకటి చెప్పాలి. కాన్పు గదిలో మేం కాగితం మీద ‘సర్విక్స్ 4 సెంటీమీటర్లు డైలేటెడ్’ అని రాస్తాం. పూర్తిగా అంటే 10 సెంటీమీటర్లు. కానీ నొప్పులు పడుతున్న అమ్మాయికి ‘వ్యాకోచించింది’ అని చెప్తే ఏం అర్థమవుతుంది? ‘నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుందమ్మా, ఇంకా టైముంది’ అని చెప్తాను. బయట నిలబడ్డ వాళ్ళమ్మకీ అదే మాట. ఆవిడ వెంటనే ‘తెరుచుకుంటోందా, హమ్మయ్య’ అంటుంది. ఈ వైద్యం కరపత్రాలు అనువాదం చేసేవాళ్ళందరినీ నేను బతిమాలేది ఒకటే, దయచేసి ‘తెరుచుకుంది’ అని రాయండి. చదివేవాళ్ళు భయంలో ఉంటారు. అర్థంకాని మాట వాళ్ళని ఇంకా భయపెడుతుంది.

పాతనిఘంటువు
మీరు చెప్పింది మనసుకి పట్టింది డ్యూటీనర్సు గారూ. మూలం చూసినా డైలేట్‌లో ఉన్నది వెడల్పే. లాటిన్‌లో ‘లాటుస్’ అంటే వెడల్పైన అని. లాటిట్యూడ్ కూడా అందులోంచే వచ్చింది. ఒక జాగ్రత్త: ‘డిలేటరీ’ అంటే జాప్యం చేసే అని అర్థం. అది చూడ్డానికి డైలేట్ చుట్టంలా ఉంటుంది కానీ వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. పరీక్షలో పక్కపక్కన పెట్టి అడుగుతారు.

‘డైలేట్ ఆన్’ అంటే ఒక విషయం మీద సుదీర్ఘంగా మాట్లాడటం. ఇప్పుడు తగ్గిపోయింది కానీ పాత పుస్తకాల్లో ఉంటుంది. ఇవాళ ఆ పని ‘ఎక్స్‌పాండ్ ఆన్’ చేస్తోంది.

రాత్రిచదువు
ఎక్స్‌పాండ్ అంటే వ్యాకోచం కదా? సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. అప్పుడు కంపెనీ ఎక్స్‌పాండ్ అయితే కంపెనీ వ్యాకోచించిందా?

బోర్డుమాస్టారు
నేను ఫిజిక్స్ చెప్తాను. ఎక్స్‌పాండ్ అంటే ఒక్క దిక్కున కాదు, అన్ని వైపులకీ పెరగడం. వైడెన్‌కి ఒక కొలత చాలు. ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా వస్తాయో చెప్తాను, నేను ఏటా తరగతిలో అడిగే ప్రశ్న ఇది.

మధ్యలో చిల్లు ఉన్న లోహపు బిళ్ళ తీసుకోండి. దాన్ని వేడిచేస్తే చిల్లు చిన్నదవుతుందా, పెద్దదవుతుందా? తరగతిలో ముప్పావు వంతు చేతులు ‘చిన్నదవుతుంది’ వైపే లేస్తాయి. లోహం వ్యాకోచిస్తుంది కాబట్టి చిల్లులోకి కూడా తోసుకొస్తుందని వాళ్ళ ఊహ. నిజానికి చిల్లు కూడా పెద్దదవుతుంది. చిల్లు ఉన్నచోట అదే లోహపు ముక్క ఉండి ఉంటే అది ఎంత పెరిగేదో, చిల్లు సరిగ్గా అంత పెరుగుతుంది. ఒక ఫొటోని పెద్దది చేస్తే అందులో కిటికీ కూడా పెద్దదవుతుంది కదా, అలా. సీసా మూత బిగుసుకుపోతే దానిమీద వేడినీళ్ళు పోసేది ఇందుకే. లోహం గాజు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, మూత వదులవుతుంది. ఇక్కడ ఇంగ్లీషులో ‘ద రింగ్ ఎక్స్‌పాండ్స్ అండ్ ద హోల్ వైడెన్స్’ అంటాం. వస్తువు ఎక్స్‌పాండ్ అయింది, ఖాళీ వైడెన్ అయింది. రెండోకాపీ గారు చెప్పిన ఖాళీయే మళ్ళీ వచ్చింది చూడండి.

నీళ్ళు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతాయి. అది ఎక్స్‌పాండ్. నిండా నీళ్ళున్న సీసాని డీప్ ఫ్రీజర్‌లో పెడితే పగిలేది అందుకే. ఆ పగులు మాత్రం వైడెన్ అవుతుంది.

కంపెనీకి వ్యాకోచం వద్దు. అక్కడ ‘విస్తరించింది’ చక్కగా సరిపోతుంది. కొత్తకలం గారి విస్తరించుకి ఇదిగో సరైన చోటు! వ్యాపారం, సామ్రాజ్యం, నగరం విస్తరిస్తాయి.

పాతనిఘంటువు
మాస్టారూ, మీరు వ్యాకోచం అనగానే ఒకటి తట్టింది. దానికి జోడీ సంకోచం. సైన్సులో సంకోచం అంటే ముడుచుకోవడం. ఇంట్లో సంకోచం అంటే మొహమాటం, వెనకాడటం. ‘సంకోచించకుండా అడగండి’ అంటాం. మనసు ముడుచుకుపోవడం అన్న చిత్రం అందులో ఎంత చక్కగా ఉందో! వ్యాకోచానికి మాత్రం ఆ అదృష్టం పట్టలేదు, పాఠ్యపుస్తకం గడప దాటి రాలేదు. అందుకే అది ఎక్కడ రాసినా ల్యాబ్ వాసన వస్తుంది.

కోడుగూడు
మా ప్రోగ్రామింగ్‌లో కూడా వైడెనింగ్ ఉంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో అంకెలు దాచే రకాలు కొన్ని ఉంటాయి. 32 బిట్ల ‘ఇంట్’ రకం అంకెని 64 బిట్ల ‘లాంగ్’ రకంలో పెడితే వైడెనింగ్ కన్వర్షన్ అంటారు. చిన్న గిన్నెలోది పెద్ద గిన్నెలో పోసినట్టు, ఏదీ ఒలకదు. తిరగేస్తే న్యారోయింగ్, అప్పుడు మనం ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పడే గొయ్యి ఒకటుంది. ఇంట్ నుంచి ‘ఫ్లోట్’కి, అంటే దశాంశాలు పట్టే రకానికి, మార్చడాన్ని కూడా వైడెనింగ్ అనే అంటారు, కానీ అక్కడ అంకెలు పోవచ్చు. 1,67,77,217ని ఫ్లోట్‌లో పెట్టి చూడండి, చివర ఒకటి పోయి 1,67,77,216 అవుతుంది. వెడల్పైంది విలువలు పట్టే పరిధి, ఖచ్చితత్వం కాదు. ఒక లెక్కలో ఇది దొరక్క రెండు రాత్రులు కూర్చున్నాను.

సూదీదారం
కుట్టుపని చేసేదాన్ని, నా మాట కూడా కలుపుతాను. ఇంగ్లీషు చదివిన అమ్మాయిలు జాకెట్టు తెచ్చి ‘ఆంటీ, ఇది వైడెన్ చేయండి’ అంటారు. మా అబ్బాయి చెప్పాడు, బట్టలకి ఇంగ్లీషులో వైడెన్ కంటే ‘లెట్ అవుట్’ అనే ఎక్కువ అంటారట. ఆ మాట విని నాకు భలే సంతోషమేసింది. మేం చేసేది సరిగ్గా అదే. కుట్టేటప్పుడే లోపల అంగుళం గుడ్డ వదులుతాం. తర్వాత ఒళ్ళు చేస్తే పాత కుట్టు విప్పి, ఆ మడతలోంచి గుడ్డని బయటికి వదిలి కొత్త కుట్టు వేస్తాం. మేం ‘లూజు చేయడం’ అంటాం. లోపల గుడ్డ వదలకపోతే ఎవరూ వెడల్పు చేయలేరు, వేరే ముక్క అతకాల్సిందే.

రెండోకాపీ
సూదీదారం గారూ, ఈ చర్చలో నాకు నచ్చిన పోస్టు ఇదే. ‘ఒళ్ళు చేయడం’ అన్న మాటా బాగుంది. మనిషి బొద్దుగా అవడానికి ఇంగ్లీషులో ‘ఫిల్ అవుట్’ అంటారు, మనం ‘ఒళ్ళు చేశాడు’ అంటాం. ఇందులో వెడల్పు అన్న మాటే లేదు.

తెరచాప
అందరూ చెప్తున్నది చూస్తే నాకు బాధగా ఉంది. ఇంగ్లీషులో ఒక్క చిన్న మాట, వైడెన్. మనకి ‘వెడల్పు చేయు’ అని రెండు మాటలు కావాలి, లేదా సంస్కృతం నుంచి విస్తరించు తెచ్చుకోవాలి. తెలుగులో సొంత క్రియ లేకపోవడం లోపం కాదా? ‘వెడల్పించు’ అని పుట్టించుకోవచ్చు కదా?

వ్యాకరణపురుగు
లోపం అంటే ఒప్పుకోను తెరచాప గారూ. పొడుగు నుంచి ‘పొడిగించు’ వచ్చింది, గడువు పొడిగిస్తాం. వెడల్పు నుంచి అలాంటిది రాలేదు, నిజమే. కానీ వైడెన్ చేసే పనుల్ని తెలుగు ఎంతమందికి పంచిందో చూడండి. కళ్ళు విప్పారతాయి, పువ్వు విచ్చుకుంటుంది, నెమలి పురి విప్పుతుంది, చేతులు చాస్తాం, కాళ్ళు బారజాపుతాం, చాప పరుస్తాం, తలుపు బార్లా తీస్తాం, పగులు నోరు తెరుస్తుంది, దూరం పెరుగుతుంది. ప్రతి వస్తువుకీ దాని క్రియ ఉంది. ఒక్క మాటతో అన్నీ కానిచ్చేయడం కంటే ఇది పేదతనం ఎలా అవుతుంది?

ఇంకొకటి. వైడెన్ తనంతట తాను జరగడానికీ, ఎవరో చేయడానికీ ఒకటే రూపం. ‘ద రోడ్ వైడెన్స్ హియర్’, ‘దే వైడెన్డ్ ద రోడ్’. తెలుగులో చాలా చోట్ల రెండు రూపాలున్నాయి: విప్పారు, విప్పార్చు. పెరుగు, పెంచు. తెరుచుకొను, తెరుచు. ‘ఆమె కళ్ళు విప్పారాయి’ అంటే ఆశ్చర్యం దానంతట అది వచ్చింది. ‘ఆమె కళ్ళు విప్పార్చి చూసింది’ అంటే చూడటంలో ఆమె పూనిక ఉంది. ఇంగ్లీషు వాక్యం చూడగానే ఈ రెండిట్లో ఏదో తేల్చుకోండి, సగం అనువాదం అయిపోయినట్టే.

తెరచాప
ఆ జాబితా చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘వెడల్పించు’ మీద మాత్రం ఇంకా ఆశ ఉంది. జాన్సన్ గారి సంగతి పాతనిఘంటువు గారే చెప్పారు కదా!

పాతనిఘంటువు
వాడి చూడండి, నేను అడ్డుచెప్పను. పదిమంది నోట నలిగితే నిలుస్తుంది.

గుండుసూది
నేను అడ్డుచెప్తాను. ‘రోడ్డు వెడల్పు చేశారు’ అనడానికి ఎవరికీ నోరు నొప్పి పుట్టలేదు.

రాత్రిచదువు
‘బ్రాడెన్ యువర్ హొరైజన్స్’ని తెలుగులో ఏమనాలి? మా పుస్తకంలో ‘మీ క్షితిజాలను విస్తరించుకోండి’ అని ఉంది.

రెండోకాపీ
దయచేసి అలా రాయకండి. క్షితిజం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి కూడా దాన్ని విస్తరించుకోవడం ఎలాగో తెలియదు. చోటుని బట్టి ‘నాలుగు విషయాలు తెలుసుకోండి’, ‘మీ దృష్టి విశాలమవుతుంది’, ‘లోకం తెలుస్తుంది’. ‘ట్రావెల్ బ్రాడెన్స్ ద మైండ్’ వస్తే నేను ‘నాలుగు ఊళ్ళు తిరిగితే లోకం తెలుస్తుంది’ అని రాస్తాను.

బోర్డుమాస్టారు
‘లోకం తెలుస్తుంది’ అంటే లౌకికం తెలుస్తుందన్నట్టు వస్తుందేమో. బ్రాడెన్‌లో ఎదుటివాణ్ణి అర్థం చేసుకునే గుణం కూడా ఉంది. నేనైతే ‘మనసు విశాలమవుతుంది’ దగ్గర ఆగుతాను.

రెండోకాపీ
నిజమే మాస్టారూ, ఆ ఛాయ నా వాక్యంలో పోయింది. మనిషి స్వభావం గురించి అయితే మీదే సరి.

కొత్తకలం
కూర్చుని ఆరు వాక్యాలూ తిరగరాశాను. చూడండి.
అన్నదమ్ముల మధ్య దూరం పెరిగింది.
ఆ మాట వినగానే ఆమె కళ్ళు విప్పారాయి.
రెండో త్రైమాసికంలో కంపెనీ నష్టం మరింత పెరిగింది.
గోడలో పగులు రోజురోజుకీ నోరు తెరుస్తోంది.
పోలీసులు గాలింపును చుట్టుపక్కల ప్రాంతాలకూ విస్తరించారు.
ఆరోది మాత్రం ఎంతకీ రావట్లేదు: ‘హర్ స్మైల్ వైడెన్డ్’. ‘ఆమె చిరునవ్వు వెడల్పయింది’ అని రాసి నేనే కొట్టేసుకున్నాను.

గుండుసూది
మొహం చేటంత అయింది.

డ్యూటీనర్సు
అది బాగా సంబరపడ్డప్పుడు. ముందు వాక్యంలో ఏముంది తమ్ముడూ? ఎందుకు నవ్వుతోంది?

కొత్తకలం
చాలా ఏళ్ళ తర్వాత స్నేహితురాలు వచ్చింది. తలుపు తీసేటప్పుడు ఎవరో అని మర్యాదకి చిన్నగా నవ్వుతుంది. గుర్తుపట్టగానే ‘హర్ స్మైల్ వైడెన్డ్’.

సూదీదారం
అయితే ‘చిన్న నవ్వు కాస్తా మొహమంతా పరుచుకుంది’ అనండి. మా ఇంటికి ఎవరైనా అలా వస్తే నా మొహం అలాగే అవుతుంది.

వ్యాకరణపురుగు
‘కాస్తా’ అన్న మాట ఇక్కడ భలే పనిచేసింది. ముందున్నది మారిపోయిందన్న సంగతి అదే చెప్పేస్తోంది, క్రియ మీద బరువు పడలేదు.

కొత్తకలం
సూదీదారం గారి వాక్యమే రాస్తున్నాను. మిగతావి కూడా రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను, దిద్దినవి చేతికి రాగానే ఇక్కడ పెడతాను.

డ్యూటీనర్సు
పెట్టు తమ్ముడూ. నైట్ డ్యూటీలో ఉంటాను, తెల్లారగట్ల చూస్తాను.